ముందుగది – తొమ్మిదో భాగం: తుడిచేసిన రంగు

లెన్సక్కను మనం పడకగది అద్దం ముందు వదిలి వచ్చాం. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు. ఒక కన్ను దిద్దుకోవడం అయింది, రెండోది కాలేదు. పెదవులకు ఇటుక రంగు. వెనక గుమ్మంలో, చెప్పాపెట్టకుండా వచ్చిన కూతురు.

మొదటి నుంచీ చదువుతున్నవారికి తెలిసిందే, అయినా కొత్తగా వచ్చినవారి కోసం నాలుగు మాటలు. కళ్ళజోళ్ళ కొట్టులో ముప్పై అయిదేళ్ళు వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీసిన మనిషి ఆవిడ. పవరు ఎంతైనా, ఫ్రేము ఎంత వంకరదైనా, ఆవిడ చేతిలో పడితే అద్దం వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చునేది. అందుకే లెన్సక్క అన్న పేరు. ఈమధ్య కొట్టు చేతులు మారింది. కొత్త ఓనరు అద్దాల పనంతా బయటి ల్యాబుకు అప్పగించి, వెనకగదిని సరుకు గది చేసేశాడు. లెన్సక్కను మాత్రం పొమ్మనలేదు. "మూడు వారాలు పోయాక, సోమవారం నుంచి ముందుగదిలో కూర్చుని కస్టమర్లను చూసుకోండి. కౌంటర్లో ఆడవాళ్ళందరూ మేకప్ వేసుకోవాలని రూలు. మీరూ అలవాటు చేసుకోవాలి" అన్నాడు. యాభై తొమ్మిదేళ్ళ వయసులో, పౌడరు తప్ప ముఖానికి మరొకటి ఎరగని ఆవిడ, మూడు వారాలుగా కౌంటర్లో ఫ్రేములు అమ్మే, కొట్లో అందరూ వదిన అని పిలిచే ఆవిడ దగ్గర శిష్యరికం చేస్తోంది. ఇంట్లో ఆయనకు తెలుసు. కూతురికి తెలియదు. తెలియకూడదనే ఇన్నాళ్ళూ జాగ్రత్తపడింది.

ఇక ఆ గుమ్మం దగ్గరికి వెళ్దాం.

ఆ సమయంలో లెన్సక్క ముక్కు మీద ఉన్నది మామూలు జోడు కాదు. మైనస్ పదకొండు పవరున్న మనిషి కళ్ళజోడు తీస్తే అద్దంలో తన ముఖమే తనకు ఆనదు. పెట్టుకుంటే కంటికీ పెన్సిలుకూ మధ్య అదే అడ్డం. మొదటి వారమంతా ఈ చిక్కుతోనే పోయింది. పెన్సిలు కంట్లో గుచ్చుకుంది, నీళ్ళు కారాయి, వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. రెండో వారం లెన్సక్క తన పనిముట్లు బయటికి తీసింది. పాత ఫ్రేములో రెండు అద్దాలకు బదులు ఒక్కటే బిగించి, ముక్కు దగ్గర చిన్న మర మీద అటూ ఇటూ తిరిగేలా చేసింది. అద్దాన్ని ఎడమ కంటి మీదికి తిప్పితే ఆ కంటితో చూస్తూ కుడి కన్ను దిద్దుకోవచ్చు. తర్వాత కుడి మీదికి తిప్పి ఎడమ కన్ను. వెనకగది మూతపడే ముందు అక్కడి యంత్రం మీద ఆవిడ అరగదీసిన ఆఖరి అద్దం అదే.

కూతురిని అద్దంలో చూడగానే కంగారులో ఆ ఒంటి జోడు తీసేసింది. దాంతో గుమ్మమూ, కూతురూ, కూతురి ముఖంలో ఏముందో అదీ, అన్నీ కలిసి ఒకే మసక మరక అయిపోయాయి.

"చిట్టీ, ఫోన్ చెయ్యకుండా వచ్చావేం?"

"చేస్తే తలుపు గడియ పెట్టుకునేదానివా?"

గొంతు మామూలుగానే ఉంది. అందుకే లెన్సక్కకు భయం వేసింది. ఈ పిల్లకు కోపం వస్తే గొంతు పెరగదు. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. నొప్పితో అరిచే రోగుల పక్కన నిలబడి "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అని నెమ్మదిగా చెప్పీ చెప్పీ ఆ గొంతుకు కోపంలోనూ అదే అలవాటైంది.

లెన్సక్క తడుముకుని మామూలు జోడు పెట్టుకుంది. నలభై ఏళ్ళ కూతురు మంచం అంచున సంచి పెట్టి, అద్దం ముందున్న సామాను చూస్తోంది. తడి స్పాంజి, ముఖానికి పూసే రంగు సీసా, పౌడరు డబ్బా, రెండు పెన్సిళ్ళు, పెదవుల రంగు. ఒక్కొక్కటే తీసి, చూసి, మళ్ళీ ఉన్నచోటే పెట్టింది. ఆసుపత్రిలో వేరే వాళ్ళ బల్ల మీది వస్తువులు కూడా అలాగే ముట్టుకుంటుంది కాబోలు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు వారాలు. కొట్లో రూలు పెట్టారే. రేపటి నుంచి నేను ముందుగదిలో."

"ముందుగదిలోనా? ఆ మాటైనా నాకు చెప్పలేదే?"

"చెబుదామనే అనుకున్నా. ముఖం చెల్లలేదు."

మామూలు రోజైతే ఆ మాటకు ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. కూతురు నవ్వలేదు. పెదవుల రంగు గొట్టాన్ని అరచేతిలో దొర్లించింది.

"నాకెందుకు చెప్పలేదో నాకు తెలుసు. నీకూ తెలుసు. ఎప్పుడూ ఎత్తకూడదనుకున్నాను కానీ, ఇవాళ ఇది చూశాక ఎత్తకపోతే నాకు నిద్ర పట్టదు."

"కూర్చోవే."

"నిలబడే చెప్తా. నాకు పదహారేళ్ళు. స్కూల్లో ఆఖరి రోజు. నా స్నేహితురాలు పెదవులకు రంగు వేసింది. నీకు చూపిద్దామని సరాసరి కొట్టుకే వచ్చా. అక్కడ నువ్వేమీ అనలేదు. ఇంటికి వచ్చాక చెంబులో తువాలు తడిపావు. గరుకు తువాలు. నా గడ్డం పట్టుకుని తుడిచావు. పోయాక కూడా తుడిచావమ్మా. రంగు పోయింది, ఇంకేం తుడుస్తున్నావని అడుగుదామంటే నోరు తెరవనివ్వలేదు."

లెన్సక్క బల్ల మీది స్పాంజి చేతిలోకి తీసుకుంది. అబద్ధమైతే కదా కాదనడానికి.

"వారం రోజులు మూతి చుట్టూ ఎర్రగా పొక్కింది. ఎవరడిగినా జారి పడ్డానన్నా. దాని గురించి నువ్వు మళ్ళీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నా పెళ్ళప్పుడు ముస్తాబు చేసే ఆవిడ బ్రష్ పట్టుకుని నా ముఖం దగ్గరికి వచ్చింది. నాకు చేతులు చెమటలు పట్టాయి. వద్దని పంపించేశా. అందరూ ఎంత నిరాడంబరమైన పిల్లో అని మెచ్చుకున్నారు. నువ్వు కూడా మెచ్చుకున్నావు. నిరాడంబరం కాదమ్మా. భయం."

కిందనుంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఆయన పెరట్లో స్కూటరు కడుగుతున్నాడు. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాక, ఆ స్కూటరును ఏనుగును కడిగినట్టు ఆదివారం ఆదివారం కడుగుతాడు.

"ఒక్కటి చెప్పు" అంది కూతురు. "ఎందుకు అలా చేశావు? లోకం ఏమనుకుంటుందోనని అనకు. ఆడపిల్లవి, నీ మంచికే అని కూడా అనకు. ఆ రెండూ నేను రోజూ వేరేవాళ్ళ నోట వింటూనే ఉంటాను."

నిజానికి లెన్సక్క దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులు ఆ రెండే. ఇరవై నాలుగేళ్ళుగా తనకు తాను చెప్పుకున్నవి కూడా అవే. చెప్పుకున్న ప్రతిసారీ కాస్త నమ్మింది. ఇప్పుడు ఆ రెంటినీ కూతురు ముందే లాగేసుకుంది. ఇక మిగిలింది అసలుది.

"అసూయ వేసిందే" అంది.

కూతురు అర్థం కానట్టు చూసింది.

"నీ మీద. నా కడుపున పుట్టిన దాని మీద. తప్పు కదూ, తల్లికి అలా వేయకూడదు కదూ. వేసింది."

ఆ మాట బయటికి వచ్చాక లెన్సక్కకు ఊపిరి కాస్త సులువైంది. అంతవరకూ చేతిలో నలుపుతున్న స్పాంజిని పళ్ళెంలో పెట్టింది.

"ముందు నుంచి చెప్తాను, విను. నీకు అప్పుడు అయిదేళ్ళు. కొట్టులో ముందుగదికి మనిషి కావాలని పేపర్లో ప్రకటన వేస్తే వెళ్ళాను. వెనకగదికి కాదు, ముందుగదికి. కొట్టుకు వచ్చినవాళ్ళను పలకరించడం, జోడు పెట్టి చూపించడం, అదీ ఉద్యోగం. పాత ఓనరు గంటసేపు మాట్లాడాడు. నేను కళ్ళజోడు మనిషినే కాబట్టి జోడు గురించి బాగా చెప్పగలనన్నాడు. గురువారం నాడు, సోమవారం వచ్చి చేరమన్నాడు. ఆ మూడు రోజులూ నేను నేల మీద నడవలేదే. అద్దం ముందు నిలబడి 'రండి, కూర్చోండి' అని అనుకునేదాన్ని."

"మరి?"

"సోమవారం వెళ్తే మాట మార్చాడు. నా వంక సరిగ్గా చూడను కూడా లేదు. 'నీ ముఖం ముందుగదిలో అతకదమ్మా. సోడాబుడ్డి అద్దాలు, కళ్ళు లోపలికి పోయినట్టుంటాయి. వచ్చినవాళ్ళు బెదిరిపోతారు. వెనకగదిలో పని నేర్చుకో, జీతం అదే ఇస్తాను' అన్నాడు. మనకు జీతం కావాలి. సరేనన్నాను. ఇంటికి వచ్చి మీ నాన్నతో, వెనకగది పని నాకే నచ్చిందని చెప్పా. చుట్టుపక్కల వాళ్ళతో అదే చెప్పా. చెప్పగా చెప్పగా అదే నిజమైంది. పని నిజంగానే నచ్చింది, అందులో అబద్ధం లేదు."

కూతురు మంచం మీద కూర్చుంది.

"వెనకగదికి ముందుగదికి మధ్య చిన్న కిటికీ ఉండేది, గుర్తుందా? తయారైన జోళ్ళు అందులోంచి అందించేదాన్ని. ఆ రోజు నువ్వు పెదవులకు రంగుతో కొట్టుకు వచ్చావు. నేను కిటికీలోంచి చూస్తున్నా. నువ్వు ఆ ముందుబల్ల దగ్గర నిలబడ్డావు. పాత ఓనరు నిన్ను చూసి, 'ఈ పిల్లను ఇక్కడ కూర్చోబెడితే కొట్టుకే కళ వస్తుంది' అన్నాడు. నవ్వుతూ అన్నాడు, చెడ్డగా కాదు. నువ్వూ నవ్వావు. పదకొండేళ్ళు నేను ఆ కిటికీలోంచి చూసిన చోటు అది. నువ్వు నిలబడగానే నీదైపోయింది. ఒక పెదవుల రంగుతో."

"దానికి నేనేం చేశానమ్మా?"

"నువ్వేం చెయ్యలేదు. అదే చెప్తున్నా. ఆ రోజు నేను తుడిచింది నీ పెదవుల రంగును కాదేమో. ఏమైతేనేం, ఒరిసింది నీ చర్మం. మర్నాడే నీకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేక పోయా. తర్వాత ఒక ఏడాది పోయాక ఇప్పుడెందుకులే అనిపించింది. పదేళ్ళు పోయాక నువ్వు మరిచిపోయి ఉంటావనుకున్నా."

"మరిచిపోలేదు."

"అవును. నేనూ మరిచిపోలేదు."

కూతురు కిటికీ దగ్గరికి వెళ్ళి పెరట్లోకి చూసింది. తండ్రి స్కూటరు చక్రం తుడుస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఆమె ముఖం తుడుచుకుంది. తిరిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ మాట తేరుకుంది.

"భయం వేసి చేశావనుకున్నా ఇన్నాళ్ళూ. భయమైతే క్షమించడం తేలిక. ఇది తేలిక కాదు."

"క్షమించమని అడగడం లేదే. అడిగావు కాబట్టి చెప్పాను."

"ఇప్పుడు ఇదంతా రూలు అన్నారు కాబట్టేనా?" బల్ల మీది సామాను చూపించింది.

లెన్సక్క ఆలోచించింది. "మొదట అంతే. మొదటి రోజు వదిన నా ముఖానికి రంగు పూస్తుంటే, గోడకు సున్నం వేయించుకుంటున్నట్టు కూర్చున్నా. అద్దంలో చూసుకుంటే పిండిబొమ్మలా ఉన్నా. వదిన రంగు మార్చింది. చేతి మీద కాదు, దవడ మీద రాసి చూడాలట, మెడతో కలిసిపోవాలట. మూడోసారికి కలిసింది. తర్వాత కన్ను దిద్దింది. మైనస్ అద్దాల వెనక నా కళ్ళు చింతగింజలంత ఉంటాయి కదా. గీత గీశాక నాకు కళ్ళు ఉన్నట్టు కనిపించింది. నవ్వకు, నిజం. యాభై తొమ్మిదేళ్ళలో మొదటిసారి నా కళ్ళు నేను చూశా. ఆ రోజు నుంచి రూలు సంగతి గుర్తు లేదు. రోజూ పొద్దున్నే లేచి నేర్చుకుంటున్నా."

కూతురు నవ్వలేదు. తల్లిని తేరిపారా చూసింది. కుడి కన్ను నల్లటి సన్నగీతతో, పెద్దగా, తేటగా ఉంది. ఎడమది పాత కన్నే. ఒకే ముఖంలో ఇద్దరు మనుషులు సగం సగం కూర్చున్నట్టుంది.

"రెండోది అలాగే ఉంచేస్తావా?"

"నువ్వు వచ్చేసరికి జోడు తీసేశాగా."

కూతురు ఒంటి అద్దం ఫ్రేమును తీసి, మర తిప్పి చూసింది. అద్దం అటూ ఇటూ చప్పుడు లేకుండా తిరిగింది. "ఇది నువ్వే చేశావా?"

"ఇంకెవరు చేస్తారు?"

"ఇలాంటివి ఎక్కడైనా అమ్ముతారా?"

"అమ్ముతారేమో, నాకు తెలియదు. కావాల్సి వచ్చింది, చేసుకున్నా."

కూతురు పెన్సిలు తీసుకుంది. "నాకు రాదు. ముందే చెప్తున్నా."

"నాకు మాత్రం వచ్చా."

కుర్చీ దగ్గరికి లాక్కుని, కూతురు తల్లి గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించింది. రోగి మెడ పట్టుకునే అలవాటు చెయ్యి, గట్టిగానే పట్టుకుంది. పట్టుకున్నాక ఒక్క క్షణం ఆగింది. అదే గడ్డం పట్టు, మనుషులు తారుమారు. ఇద్దరికీ తట్టింది. తర్వాత ఆ వేళ్ళు మెత్తబడ్డాయి.

"కిందికి చూడు. ఊపిరి బిగపట్టకు. బిగపడితే రెప్ప అదురుతుంది."

"నా పేషంట్ వేషం బాగుందే."

"మాట్లాడకు."

గీత అయ్యాక లెన్సక్క ఒంటి జోడు పెట్టుకుని చూసుకుంది. చివర పైకి పోవాల్సింది కిందికి జారింది. మధ్యలో ఒకచోట లావు, ఒకచోట సన్నం.

"పాము పాకినట్టుందే."

"రాదని చెప్పానా లేదా." కూతురు మొదటిసారి, పెదవి చివరతో, నవ్వింది. వెంటనే సర్దుకుంది. "కోపం పోయిందనుకోకు."

"అనుకోను."

"ఎన్నాళ్ళుంటుందో నాకే తెలియదు."

"ఉండనీ. నా దగ్గర దాచుకోకు, అంతే."

వెళ్ళేటప్పుడు కూతురు గుమ్మం దగ్గర ఆగింది. "ఆ పాత ఓనరు బతికే ఉన్నాడా?"

"ఉన్నాడని విన్నా. కొట్టు అమ్మేశాక ఇల్లు కదలడం లేదట. ఎందుకే?"

"ఊరికే" అని కూతురు మెట్లు దిగిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన పెళ్ళాం ముఖాన్ని అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు. పాము గీత లెన్సక్క తుడవలేదు. "ఏమోయ్, ఒక ఇండికేటర్ పైకి, ఒకటి కిందికి. ఎటు తిరుగుతున్నావో వెనక బండివాడికి ఎలా తెలుస్తుంది?" అన్నాడు. తర్వాత కంచం వైపు చూస్తూ, "నువ్వు ఎలా ఉన్నా బాగుంటావు. ఇవన్నీ ఎందుకు నీకు" అన్నాడు. ఆ మాట ఆయన ముప్పై ఏళ్ళుగా అంటున్నదే. లెన్సక్కకు ఎప్పుడూ అది ముద్దుగానే వినిపించింది. "రేపు ఒంటిగంటకు వచ్చి చూస్తాలే, నా పెళ్ళాం కౌంటర్ ఎలా ఏలుతుందో" అని కూడా అన్నాడు.

*

సోమవారం పొద్దున లెన్సక్క కొట్టు తెరవకముందే వచ్చింది. వదిన ఆవిడను తలుపు దగ్గరి వెలుతురులో నిలబెట్టి పరీక్ష చేసింది.

"దవడ బాగుంది. కళ్ళు బాగున్నాయి. ముక్కు మీద జోడు దిమ్మలు రెండు గుంటలు పెట్టాయి చూడండక్కా, అక్కడ రంగు తక్కువ పూయాలి, పౌడరు ఎక్కువ అద్దాలి. పెదవులు?"

"ముందు పెన్సిలు గీసి, లోపల రంగు నింపా. కాగితం మీద ఒకసారి అద్దా."

"పాస్ మార్కులు" అంది వదిన. "ఇంక మీ ముఖం సంగతి మరిచిపోండి. వచ్చేవాళ్ళ ముఖాలు చూడండి."

ముందుబల్ల దగ్గరి కుర్చీ వెనకగది స్టూలు కంటే ఎత్తు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో మొదటి అరగంట తెలియలేదు. వీధి నేరుగా కనిపిస్తోంది. బస్సులు, గొడుగులు, తలుపు తోసి వచ్చేవాళ్ళ కాళ్ళు. ఇంతకాలం ఆవిడకు మనుషులు చీటీల మీది అంకెలు. ఇప్పుడు అంకెలకు ముఖాలు వచ్చాయి.

పదిన్నరకు బట్టలు కుట్టే ఒకామె వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతోంది. సూదిలో దారం ఎక్కడం లేదని, కానీ కళ్ళజోడు పెట్టుకుంటే ముసలిదాన్నయిపోతానని, రెండూ ఒకే ఊపిరిలో చెప్పింది.

"దారం ఎక్కకపోతే ఎవరు ఎక్కిస్తున్నారు?" అని అడిగింది లెన్సక్క.

"మా కోడలు. ఎక్కించిన ప్రతిసారీ ఒక నిట్టూర్పు ఉచితం."

లెన్సక్క ఫ్రేములు తీసింది. మొదటిది ఆమె ముఖానికి పెద్దది. రెండోది ఒక పక్కకు ఒరిగింది. లెన్సక్క ఆమె చెవుల వంక చూసింది. ఎడమ చెవి కాస్త కిందికి ఉంది, చాలామందికి ఉంటుంది, ఎవరికీ తెలియదు. కాడను వేడి చేసి, బొటనవేలితో చిన్న వంపు వంచి పెట్టింది. జోడు సూటిగా కూర్చుంది. పరీక్ష అద్దాలు వేసి, సొరుగులోంచి సూదీ దారం తీసి చేతికిచ్చింది. వెనకగది మనిషి సొరుగులో అవి ఎప్పుడూ ఉంటాయి.

దారం మొదటిసారికే ఎక్కింది. ఆమె సూదిని పైకెత్తి చూసి, తర్వాత తల తిప్పి, జానెడు దూరంలో ఉన్న లెన్సక్క ముఖంలోకి చూసింది.

"మీ పెదవుల రంగు బాగుందండీ. ఏ షాపులో కొన్నారు?"

ఎవరో ఆవిడ ముఖం గురించి అడిగి, ఆ అడగడంలో జాలి గానీ సలహా గానీ లేకపోవడం ఇదే మొదలు. గొట్టం తీసి దాని అడుగున ఉన్న నంబరు చదివి చెప్పింది. ఆమె టేపు చివర పెన్సిలుతో రాసుకుంది. వెళ్తూ వెళ్తూ, జోడు తయారైతే తనకే ఫోన్ చేయాలని, కోడలికి కాదని, రెండుసార్లు చెప్పింది.

కొత్త ఓనరు తన గదిలోంచి ఇదంతా చూశాడు. తర్వాతి కస్టమరును కూడా లెన్సక్క దగ్గరికే పంపాడు. మధ్యాహ్నానికి ఆవిడ అయిదుగురిని చూసింది. కుర్చీ ఎత్తు మరిచిపోయింది.

పన్నెండూ యాభైకి ఫోన్ మోగింది. కూతురు.

"అమ్మా, పనిలో ఉన్నావా?"

"ఇప్పుడే ఖాళీ అయింది. ఏం?"

"ఇవాళ ఇంటికి వెళ్ళి చూడాల్సిన పేషంట్లలో ఒకాయన ఉన్నాడు. పడి తుంటి విరిగింది. తలుపు తీసి లోపలికి వెళ్తే, మంచం మీద మీ పాత ఓనరు."

లెన్సక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఏమీ అనలేదు కదా? పెద్దవాడు, మంచం మీద ఉన్నాడు."

"వ్యాయామం అంతా చేయించాకే అడిగాను. ముందు పని, తర్వాత పంచాయితీ."

"ఏమని అడిగావు?"

"మా అమ్మ ముఖం మీ కొట్లో ఎందుకు అతకలేదని. నీళ్ళు అడిగి తాగాడు. తర్వాత నీకు ఫోన్ కలపమన్నాడు. ఇస్తున్నా."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఎవరో కష్టపడి దిండు మీదికి జరిగిన చప్పుడు. తర్వాత ఆ గొంతు. అరిగిపోయింది కానీ అదే.

"వెనకగదమ్మా."

"ఇప్పుడు ముందుగదిలో ఉన్నానండీ" అంది లెన్సక్క.

"మీ అమ్మాయి చెప్పింది." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "ఆ రోజు నేను అన్న మాట తప్పు. కానీ ఆ మాట నాది కాదమ్మా. గురువారం నీకు ముందుగది ఇచ్చింది మనస్ఫూర్తిగానే ఇచ్చాను. శనివారం నాడు మీ ఆయన వచ్చాడు."

లెన్సక్క చేతిలోని ఫ్రేము బల్ల మీదికి జారింది.

"మీ ఆయనేనమ్మా. బస్సు డ్యూటీ దిగి, యూనిఫాంతోనే వచ్చాడు. మా ఆవిడను నలుగురి కళ్ళ ముందు కూర్చోబెట్టకండి, వెనక ఏదైనా పనుంటే ఇవ్వండి, లేకపోతే పంపను అన్నాడు. నేను వచ్చినట్టు ఆమెకు చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. నీకు ఏం సాకు చెప్పాలో తోచక, నీ ముఖం మీదికి నెట్టాను. ముప్పై అయిదేళ్ళు మోశాను. ఇంక మోయలేను."

ఆయన ఇంకేదో అంటున్నాడు. ఆవిడకు వినిపించలేదు. అద్దం తలుపు అవతల, వీధి దాటి, శుభ్రంగా కడిగిన స్కూటరు ఆపి, ఆయన వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. తలుపు తోస్తూనే కొట్టంతా వెతికి, ముందుబల్ల దగ్గర పెళ్ళాన్ని చూసి, నవ్వాడు.

"అక్కా, బావగారు" అంది వదిన.

ఆయన కస్టమరు కుర్చీలో దర్జాగా కూర్చుని, మోచేతులు బల్ల మీద ఆనించాడు. "మేడమ్, నాకు సరిపోయే మంచి జోడు ఒకటి చూపించండి" అన్నాడు.

లెన్సక్క ఫోను కట్ చేయకుండానే బల్ల మీద పెట్టింది. తన జోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. భర్త ముఖాన్ని, కొట్టుకు కొత్తగా వచ్చిన మనిషి ముఖాన్ని చూసినట్టు, నిదానంగా చూసింది.

"కూర్చున్నారుగా," అంది. "లేవకండి. ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి."